మందుగది మారిన ఓడ

ప్లిమత్, హామోజ్ రేవు
1804 మార్చి

అక్కా,

నీ తమ్ముడు పాస్కో బతికే ఉన్నాడు, అన్నం అరుగుతోంది, అప్పులేం లేవు. ఇక నువ్వడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులయిపోయాయి కాబట్టి నా సంగతి చెబుతాను.

నన్ను పాత ఓడలోంచి దింపి గ్లానోజ్ అనే ఫ్రెంచి ఓడలోకి మార్చారు. పరిగె ఏరుకునే ఆడది అని అర్థమట. పోయిన యుద్ధంలో మనవాళ్ళు పట్టుకొచ్చి, స్తంభాలు పీకేసి, ఇన్నేళ్ళూ రేవు బురదలో కట్టిపడేశారు. మళ్ళీ యుద్ధం వచ్చేసరికి దొరలకి ఇది గుర్తొచ్చింది. పేరు మాత్రం మార్చలేదు. ఎవడి దగ్గర లాక్కొచ్చామో పేరులోనే తెలియాలని మన నావికాదళానికి సరదా.

ఓడ అందగత్తే, కాదనను. కానీ లోపలి ఎముకలు సన్నం. మనవాళ్ళు ఊరుకోకుండా దానిమీద మన బరువు ఫిరంగులు ఎక్కించారు. చిక్కుడు పందిరికి గుమ్మడికాయలు వేలాడదీసినట్టుంది. వడ్రంగి కింద రెండోవాణ్ణి నేనే కాబట్టి అది మూలిగిన ప్రతి మూలుగూ నా ప్రాణానికే. ఇంకో తమాషా, ఫ్రెంచివాళ్ళు మందుగుండు గదిని ఓడ వెనక భాగంలో అడుగున కట్టారు. మన పద్ధతి ముందు భాగంలో. అందుకని మందుగదిని ముందుకి మార్చి, పాతచోట రొట్టెల గది కట్టాం. ఆ పాత గోడల రేకులు పీకింది నేనే. నల్లగా కాలి ఉన్నాయి.

అసలు సంగతి చివరికి దాచాను. బావని బలవంతపు భర్తీవాళ్ళు మన కాసండ్ ఒడ్డున పట్టుకున్నారని రాసి ఏడ్చావు కదా. కళ్ళు తుడుచుకో. తిరిగి తిరిగి నా ఓడలోకే, నా కిందికే వచ్చిపడ్డాడు! పలకల సందుల్లో పీచు కూరి తారు పోసే పని. నికలస్ బ్రెహో, గెర్న్సీ దీవి అని చెబితే రాసుకున్నారు.

ఓడ ఎక్కగానే మాత్రం మనిషి పాలిపోయాడు. "ఏం బావా, రెండేళ్ళు మా అక్క చేతి తిండి తినేసరికి సముద్రం మరిచిపోయావా?" అన్నాను. "ఈ ఓడ పేరేంటి?" అన్నాడు. "వెనకాల బారెడు అక్షరాలతో రాసి ఉంది, చదువుకో" అన్నాను. చదివాడు. మెట్లు దిగి పనిలోకి పోయాడు.

నేనున్నాను కదా, నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ తమ్ముడు
పాస్కో

* * *

కాసండ్
ఏప్రిల్

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నేను సంతోషిస్తాననుకున్నావు. సంతోషం కాదు, భయం పట్టుకుంది.

ఒరే పాస్కో, పుట్టి బుద్ధెరిగాక నిన్ను ఏదీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. నీ బావని ఆ ఓడలోంచి మార్పించు. ఎలా మార్పిస్తావో నాకు తెలియదు. జబ్బని చెప్పు, పని రాదని చెప్పు, దొంగ అని చెప్పినా నేనేం అనుకోను. ఇంకే ఓడైనా సరే, పగిలిన ఓడైనా సరే. అది మాత్రం వద్దు.

ఎందుకని అడక్కు. ఒకసారి జెండా దించి లొంగిపోయిన ఓడ మళ్ళీ దించుతుందని మన రేవు ముసలమ్మలు అనరూ? అదే అనుకో. అక్కకి పిచ్చి పట్టిందనుకో. ఏదో ఒకటి అనుకుని ఈ పని చేసిపెట్టు.

ఈసారి నుంచి ఉత్తరాలు టపాలో వెయ్యకు. పెట్రాక్ మామ పశువుల్నీ ఉల్లిపాయల్నీ పడవకెత్తుకుని మీ ఓడల దళానికి తెస్తూనే ఉంటాడుగా, ఆయన చేతికే ఇవ్వు. ఆయన చేతికి తప్ప ఎవరికీ ఇవ్వకు.

మార్వెన్నా

* * *

ఫ్రెంచి రేవు బ్రెస్ట్ ఎదుట, కాపలా దళం
మే

అక్కా,

నువ్వనుకోమన్నావు కాబట్టి అక్కకి పిచ్చి పట్టిందనే అనుకున్నాను. ఓడలోంచి ఓడలోకి మారడమంటే పక్కింటికి నిప్పుకోసం వెళ్ళినట్టా? అడిగి చూశాను కూడా. మొదటి లెఫ్టినెంట్ నా మొహం చూసి, "మీ బావకి పరుపు మెత్తగా లేదా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఇక అడగను.

అయినా బావకి ఈ ఓడ నప్పినట్టు ఎవరికీ నప్పలేదు. కింది అంతస్తులో ఒక దూలం మరీ కిందికి ఉంది. మా అందరి నుదుళ్ళూ బొప్పి కట్టాయి. బావ మాత్రం ఆ దూలం దగ్గరికి రాగానే, అటు చూడకుండానే, మాట్లాడుతూ మాట్లాడుతూనే తల వంచేస్తాడు. "నీకు నెత్తిమీద కూడా కళ్ళున్నాయా?" అంటే నవ్వాడు. గుమ్మాలు తక్కువ ఎత్తున్న ఇంట్లో పెరిగాడేమో.

నీకు చెప్పకూడదు గానీ, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. పోయిన వారం పొద్దున్నే మంచు కమ్మింది. ఆ మంచులోంచి ఒక పెద్ద ఓడ మా పక్కనే ఊడిపడింది. మనదే, మన దళంలోదే! కానీ మా ఓడ వంపుసొంపులు చూడగానే ఫ్రెంచిది అనుకుని ఫిరంగుల తలుపులు బార్లా తెరిచింది. మన జెండా ఎగరేశాం. ఎవరి జెండా ఎవరైనా ఎగరేస్తారు, ఎందుకు నమ్ముతారు? రహస్య సంకేతపు జెండాలు పైకి లాగబోతే తాడు చిక్కుపడింది. అవతల ఫిరంగి పక్కన వత్తి పట్టుకుని నిలబడ్డవాడి మొహం కనబడుతోంది. మనవాడే అక్కా, మన ఒడ్డు మొహమే. తాడు చిక్కు విడి గుడ్డలు పైకి వెళ్ళేదాకా ఊపిరి తీసిన గుర్తు లేదు.

నా పక్కన నిలబడిన బావ, "మీవాళ్ళు కాల్చినా వాళ్ళు కాల్చినా నాకు ఒకటే పాస్కో" అన్నాడు. మీవాళ్ళేంటి, మనవాళ్ళు కదా. కంగారులో మాట తడబడి ఉంటుంది.

పాస్కో

* * *

కాసండ్
జూన్

తమ్ముడూ,

నువ్వు మేనమామవి కాబోతున్నావు. చలికాలం నాటికి. బావతో నువ్వే చెప్పు, నేను రాస్తే కాగితం తడుస్తుంది.

ఊళ్ళో అంతా క్షేమం. కవళ్ళ చేపలు బాగానే పడుతున్నాయి, ఉప్పు వేసి వేసి చేతులు పుండ్లయ్యాయి. గాలి తూర్పు నుంచి వీస్తే మాత్రం రేవులో ఫ్రెంచి ఖైదీల్ని కుక్కిన ఓడల కంపు కొండదాకా వస్తోంది. ఈ మధ్య ఆ కంపు నాకసలు పడటంలేదు.

ఒక మాట అడుగుతాను, ఊరికే. మన చేతిలో ఉన్న ఫ్రెంచి ఓడ మళ్ళీ వాళ్ళకి చిక్కితే అందులోవాళ్ళని ఏం చేస్తారు? అందర్నీ ఒకేలా చూస్తారా? వాళ్ళ మనిషెవరైనా మన తరఫున పనిచేస్తూ దొరికితే నిలబెట్టి కాల్చేస్తారని ఇక్కడెవరో అన్నారు. నిజమేనా?

ఊరికే అడిగాను. బావని వెనక్కి తిరిగి చూడకుండా పనిచేసుకోమను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడొద్దను.

మార్వెన్నా

* * *

బ్రెస్ట్ ఎదుట
జూలై

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

బావ సంకెళ్ళలో ఉన్నాడు. మొన్న మధ్యాహ్నం వంట పొయ్యిమీద అతని తారు గిన్నె పొంగింది. మంట ఎగిసింది. నల్లటి పొగ మెట్లగుండా కిందికి దిగింది. ఓడలో నిప్పంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు, పారిపోవడానికి చోటుండదు. వంటగది కిందే మందుగది. డప్పు మోగింది. తడి దుప్పట్లూ బాల్చీలూ పట్టుకుని అందరం ముందుకి పరిగెత్తాం. మందుగది తడిపేస్తే బతుకుతాం, లేకపోతే లేదు.

బావ ఒక్కడూ వెనక్కి పరిగెత్తాడు.

చేతిలో రెండు బాల్చీలు. వెనక మెట్లు దిగి, రొట్టెల గది తలుపు భుజంతో పగలగొట్టి, రొట్టెల మీద నీళ్ళు కుమ్మరించాడు. మళ్ళీ పైకొచ్చి, మళ్ళీ నింపుకుని, మళ్ళీ అక్కడికే. ఈలోపు మేము ముందు మంట ఆర్పేశాం. వెళ్ళి చూస్తే ఇతను మోకాళ్ళదాకా నానిన రొట్టెల్లో నిలబడి, ఇంకా గోడలకి నీళ్ళు కొడుతూనే ఉన్నాడు. జనం కడుపు పట్టుకుని నవ్వారు. "బ్రెహో, పులుసులోకి రొట్టెలు నానబెడుతున్నావా?" అన్నారు. నేనూ నవ్వాను. చావు తప్పినవాడికి దేనికైనా నవ్వొస్తుంది.

నవ్వనివాడు ఒక్కడే, ఫిరంగుల పెద్ద టాప్లిస్. ముసలాయన ఆ గోడల్ని అలాగే చూస్తూ, "ఫ్రెంచివాళ్ళ మందుగది ఇక్కడే కదరా ఉండేది" అన్నాడు. అంతే. నవ్వులు ఆగిపోయాయి.

మొదటి లెఫ్టినెంట్ అడిగాడు, "ఇది మందుగది అని నీకెవరు చెప్పారు?" బావ నోరు విప్పలేదు. తారు గిన్నె అతనిది. నిప్పు దగ్గరనుంచి పారిపోయినవాడూ అతనే. ఓడ పాత కడుపు తెలిసినవాడూ అతనే. ఫ్రెంచివాళ్ళు పంపిన మనిషి, ఓడ తగలబెట్టడానికే చేరాడు అని సాయంత్రానికల్లా ఓడంతా పాకిపోయింది. అలాంటివాణ్ణి ఉరి తీస్తారు. ఎక్కువ రోజులు కూడా ఆగరు.

నేను కిందికి వెళ్ళి అడిగాను. "నువ్వెవరు బావా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అతను, "నేను చెబితే నువ్వు నమ్మవు. మీ అక్కనడుగు" అన్నాడు.

అడుగుతున్నాను. దూలం దగ్గర తల ఎందుకు వంచాడో, 'మీవాళ్ళు' అని ఎందుకన్నాడో, ఈ ఓడ వద్దని నువ్వెందుకు ఏడ్చావో అన్నీ కలిసి నా గుండెలమీద కూర్చున్నాయి. నాన్నని ఏ దేశపు గుండు చంపిందో నీకు తెలుసు. నాకు అబద్ధం చెప్పకు.

పాస్కో

* * *

కాసండ్
జూలై

పాస్కో,

చదివాక ఇది కాల్చెయ్యి.

అతని పేరు ఎర్వాన్. ఎర్వాన్ కెర్బ్రా. ఫ్రాన్సులో బ్రెటన్ ఊరివాడు. గెర్న్సీని ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. నువ్విప్పుడున్న ఓడలోనే, తనిప్పుడు చేసే పనే చేసేవాడు. మనవాళ్ళు గ్లానోజ్‌ని పట్టుకున్ననాడు అందులోనే ఉన్నాడు. అతని తమ్ముడు కూడా. మందుగదిలోంచి ఫిరంగులకి మందు అందించేవాడా తమ్ముడు. ఆ గది గుమ్మంలో మందు అంటుకుంది. ఎర్వాన్ బాల్చీతో పరిగెత్తాడు. అతను వెళ్ళేసరికి తమ్ముడు లేడు, నల్లటి గోడ ఉంది. నువ్వు పీకిన రేకులు అవే.

తర్వాత ఖైదీల ఓడలో వేశారు. అక్కడ చచ్చినవాళ్ళని ఒడ్డుకి తెచ్చి పాతిపెట్టడానికి ఖైదీలనే తెస్తారు. ఒక మంచు పొద్దున గొయ్యి తవ్వుతూ తవ్వుతూ పారిపోయాడు. మన ఉప్పుగదిలో కవళ్ళ పీపాల వెనక నాకు దొరికాడు. అరుద్దామని నోరు తెరిచాను. అతను అరవొద్దని కూడా అనలేదు, పీపా మూత తీసి పచ్చి కవళ్ళు తింటున్నాడు. అంత ఆకలి నేనెక్కడా చూడలేదు. నోరు మూసుకుని రొట్టె తెచ్చాను. అంతే, ఇంకేం దాచడానికి లేదు. జాలి అనుకున్నాను. జాలి కాదు.

గెర్న్సీ మనదే అయినా అక్కడ ఫ్రెంచి యాసే కాబట్టి, గెర్న్సీ అని నేనే నేర్పాను. బ్రెహో అనే పేరు నేనే పెట్టాను. చర్చిలో ఆ పేరుతోనే పెళ్ళి చేసుకున్నాను. నీకెందుకు చెప్పలేదంటావు. నాన్న కబురు వచ్చిన రోజు నువ్వు గోడకి తల కొట్టుకుంటూ ఏమన్నావో నాకు గుర్తుంది. ఒక్క ఫ్రెంచివాడు చేతికి దొరికితే చాలన్నావు. దొరికినవాణ్ణి నీ చేతికి ఇవ్వలేకపోయాను.

ఆ ఓడ తిరిగి వాళ్ళకి చిక్కితే వాళ్ళు కాల్చేస్తారని భయపడ్డాను. మనవాళ్ళు ఉరి తీస్తారని అనుకోలేదు.

నేను నిశ్చయించుకున్నాను. రేవు కచేరీకి వెళ్ళి, అతన్ని దాచింది నేనేనని, అతను తప్పించుకున్న ఖైదీయే గానీ ఓడలు కాల్చేవాడు కాడని చెబుతాను. ఖైదీగా ఉంటే కనీసం బతికి ఉంటాడు. నన్ను జైల్లో వేస్తారు, వెయ్యనీ. నా బిడ్డ జైల్లో పుడుతుంది, పుట్టనీ. పెట్రాక్ మామ తిరిగొచ్చేదాకా ఆగుతాను. నీ జవాబు లేకపోతే అదే రోజు వెళ్ళిపోతాను.

నిన్ను ఏమీ చెయ్యమని అడగను. నువ్వు ఏం చేసినా అది నాన్న కోసమే అనుకుంటాను.

మార్వెన్నా

* * *

బ్రెస్ట్ ఎదుట
ఆగస్టు

అక్కా,

కచేరీకి వెళ్ళకు. ఇంకేం చదవకపోయినా ఈ ముక్క చదువు. వెళ్ళకు, ఎవరితోనూ ఏమీ అనకు. మిగతాది తలుపు వేసుకుని చదువు.

బోర్లా పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే నవ్వుకో.

నీ ఉత్తరం నాకు చేరేలోపే విచారణ పెట్టారు. బావ నోరు విప్పడు. లెఫ్టినెంట్ అతని మెడవైపు చూడటం మొదలుపెట్టాడు. నాకేమీ తెలియదప్పటికి. తెలిసింది ఒక్కటే, ఓడ కాల్చాలనుకున్నవాడు నీళ్ళు మోసుకుని పరిగెత్తడు. ఆ నానిన రొట్టెల్లో నిలబడ్డవాడి మొహం నేను చూశాను. అది దొంగ మొహం కాదు, భయపడ్డవాడి మొహం. ప్రాణం మీదికొస్తే కాళ్ళు తెలిసిన దారే పడతాయి. అతని కాళ్ళకి ఈ దారి ఎలా తెలుసో తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

బైబిల్ మీద చెయ్యేసి, "రేవులో రేకులు పీకేటప్పుడు నేనే చూపించాను సార్. మందుగది మారాక ఆ మాట చెప్పడం మరిచాను" అన్నాను. కెప్టెన్ నన్ను ఎగాదిగా చూశాడు. బావ సంకెళ్ళు తీయించాడు. నిప్పు పడితే మనిషి ఎక్కడికి పరిగెత్తాలో సరిగ్గా చెప్పనందుకు నా హోదా తీసేసి, కొరడా దెబ్బల శిక్ష వేశాడు.

మర్నాడు అందర్నీ పైన నిలబెట్టారు. చొక్కా విప్పి నన్ను చట్రానికి కట్టారు. ఎర్రగుడ్డ సంచిలోంచి కొరడా తీశారు. సిగ్గులేకుండా చెబుతున్నాను అక్కా, నా పళ్ళు టకటకలాడాయి. అప్పుడు వెనకనుంచి బావ గొంతు వినబడింది.

"ఆపండి. అతను అబద్ధం చెప్పాడు. నాకెవరూ చూపించలేదు. ఈ ఓడలోకి మీ అందరికంటే నేనే ముందొచ్చాను."

అన్నీ చెప్పేశాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, తమ్ముడి గురించి చెప్పాడు. ఓడ ఓడంతా గుర్రుమంది. "ఉరి తియ్యండి వెధవని!" అని అరిచారు. నా చేతులు కట్టేసి ఉన్నాయి, వెనక్కి తిరిగి చూడలేను. అతన్ని అక్కడే చంపేస్తారనుకున్నాను. అప్పుడు టాప్లిస్ ముసలాయన, "ఒరే ఏబ్రాసుల్లారా, నిప్పు పెట్టేవాడు నీళ్ళు మోస్తాడా? రొట్టెలు నానబెట్టాడని నాకూ కోపమే, దానికి ఉరి తీస్తారా?" అన్నాడు. ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే బతికించింది.

కెప్టెన్ అడిగాడు, "ఇన్నేళ్ళూ నిన్ను ఎవరు దాచారు?"

"ఎవరూ లేరు. వీణ్ణీ, వీళ్ళ అక్కనీ కూడా మోసం చేశాను. గెర్న్సీవాణ్ణని నమ్మించి పెళ్ళి చేసుకున్నాను."

కెప్టెన్ నన్నడిగాడు. "మీ అక్కకి తెలుసా?"

"తెలిస్తే గడప తొక్కనిచ్చేది కాదు సార్. మా నాన్నని చంపింది వాళ్ళే" అన్నాను. అది అబద్ధమేమోనని అనుమానమే గానీ, నీ ఉత్తరం అందలేదు కాబట్టి అప్పటికి నాకు తెలియదు. అందుకే నా గొంతు వణకలేదు.

ఉరి లేదు. తప్పించుకున్న ఖైదీ కాబట్టి ఖైదీల ఓడకే పంపించమన్నాడు. దొంగ ప్రమాణానికి నాకు మాత్రం దెబ్బలు తప్పలేదు, తిన్నాను. తిన్నాక మామ పడవ వచ్చింది, నీ ఉత్తరం వచ్చింది. చదివి బోర్లా పడుకునే ఏడ్చాను. నాన్న గుర్తొచ్చాడు. గోడకి తల కొట్టుకున్నదీ గుర్తొచ్చింది. ఆ మాటలన్న నా కోసం, ఆ జాతివాడే కొరడాకి అడ్డం వచ్చాడు. అతన్ని బావా అని పిలిచాను. ఇకమీదా అదే పిలుస్తాను, ఎవడేమన్నా సరే.

ఇప్పుడు అసలు మాట. మామ పడవలోనే ఇద్దరు సిపాయిల మధ్య బావ వస్తున్నాడు. ప్లిమత్ రేవు మెట్ల దగ్గర దింపి, నిన్ను పిలిపించి, నీకు తెలుసో తెలియదో అధికారి అడుగుతాడు. అక్కడ ఖైదీలు సరుకు మోస్తూ ఉంటారు, వాళ్ళూ వింటారు. ఇంగ్లీషువాళ్ళకి పనిచేసినవాడని వాళ్ళకి అనుమానం వస్తే, ఆ ఓడలోపల వాళ్ళే గొంతు నులిమేస్తారు. బలవంతంగా పట్టి తెచ్చారనీ, ఇంగ్లీషు పెళ్ళాం ఇంట్లో దొంగలా దాక్కున్నాడనీ అనుకుంటేనే బతుకుతాడు.

పడవలోకి దిగేముందు నా దగ్గరికొచ్చి ఇలా అన్నాడు, నీతో అచ్చం ఇలాగే చెప్పమన్నాడు: "మార్వెన్నా ఏడిస్తే ఇద్దరం చస్తాం. తిడితే ఇద్దరం బతుకుతాం. బాగా తిట్టమను. మొహమాటపడొద్దను."

అక్కా, నీకు తిట్టడం చేతకాదని నాకు తెలుసు. నేర్చుకో.

పాస్కో

* * *

కాసండ్
సెప్టెంబరు

తమ్ముడూ,

నీ వీపు ఎలా ఉంది? వెన్న రాయించుకో, ఉప్పునీళ్ళు తగలనివ్వకు.

కచేరీకి వెళ్ళడానికి తలకి బోనెట్ కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను, మామ చెమటలు కక్కుతూ కొండెక్కి వచ్చాడు. ఉత్తరం చేతిలో పెట్టి, "చదువు, ఏడవకు, మొహం కడుక్కో. సిపాయిలు నీ కోసం వస్తున్నారు" అన్నాడు. పెద్దాయనకి ఎంత తెలుసో నేనడగలేదు.

తీసుకెళ్ళారు. మెట్లమీద జనం, చేపలమ్మేవాళ్ళు, సిపాయిలు. పీపాలు మోస్తూ పసుపు బట్టల ఖైదీలు. వాళ్ళ మధ్య అతను. చిక్కిపోయాడు పాస్కో. గడ్డం పెరిగింది. మణికట్ల దగ్గర చర్మం లేచిపోయింది. నా కళ్ళు ఆ మణికట్ల మీదే ఆగిపోయాయి, ఎంత తిప్పుకున్నా రాలేదు.

అధికారి, "ఈ మనిషి నీకు తెలుసా?" అన్నాడు.

"నా మొగుడు. గెర్న్సీవాడు" అన్నాను.

"గెర్న్సీ కాదు. ఫ్రెంచి ఖైదీ. పేరు కూడా అబద్ధమే. నీకు తెలియదూ?"

అప్పుడు తిట్టాలి. నాకు ఒక్క తిట్టూ గుర్తు రాలేదు. అధికారి నన్నే చూస్తున్నాడు. పీపా మోస్తున్న ఒక ఖైదీ ఆగి చూస్తున్నాడు. నేను ఇంకొక్క ఊపిరి ఆలస్యం చేస్తే అందరికీ తెలిసిపోతుంది. ఆ భయం ఎలాంటిదంటే, కడుపులో బిడ్డ కూడా కదలడం మానేసింది. అతను తలెత్తి నా వైపు చూశాడు. మెల్లిగా, ఎవరికీ తెలియకుండా, మొదలుపెట్టు అన్నట్టు రెప్ప వాల్చాడు.

"దొంగ నా కొడకా" అన్నాను. నా నోట్లోంచి వచ్చిందా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఆ తర్వాత ఆగడం చేతకాలేదు. నా అన్నం తిన్నావు, నా మంచమెక్కావు, నా తండ్రి నెత్తురు తాగిన జాతివాడివి, నా కడుపులో నీ పాపం పెట్టావు, నీ నోట్లో మట్టి పడ, నువ్వు ఆ కుళ్ళు ఓడలోనే పురుగులుపట్టి పోను అన్నాను. ఇంకా అన్నాను, రాయలేను. మీదికి దూకి రక్కబోతే సిపాయి పట్టుకున్నాడు. నిజంగానే కోపమొచ్చింది పాస్కో. నన్నొదిలి వెళ్ళినందుకు, ఆ దిక్కుమాలిన గదివైపు పరిగెత్తినందుకు, నీ దెబ్బలకి అడ్డం వచ్చినందుకు, ఇన్నాళ్ళ భయమంతా అతని మొహాన కొట్టాను. పీపా మోసే ఖైదీ ఏదో అని నవ్వాడు, అతని వీపుమీద చరిచాడు. వాళ్ళవాడే అని నమ్మాడన్నమాట. అధికారి కూడా, "చాల్లే అమ్మా, పద, ఇంటికి వెళ్ళు" అన్నాడు. నమ్మాడు.

అతను తల దించుకుని పడవెక్కాడు. భుజాలు అదిరాయి. ఏడ్చాడో, బతికామని నవ్వాడో తెలియదు.

ఊరంతా నన్ను నెత్తిన పెట్టుకుంది. ఫ్రెంచివాడి చేతిలో మోసపోయిన పిచ్చిదాన్ని కదా. పక్కింటి ముసలమ్మ రోజూ పులుసు తెచ్చి, పక్కన కూర్చుని అతన్ని తిడుతుంది. నేను అవునంటూ తినాలి. పుట్టేబిడ్డకి తండ్రి చచ్చాడని చెప్పమంటుంది. దానికీ అవునన్నాను. కొండమీదికి వెళితే ఖైదీల ఓడలు కనిపిస్తాయి, ఏది అతనిదో తెలియదు. వెళ్ళడం మానేశాను, ఎవరైనా చూస్తారు.

ఒక్క సంగతి నీకు తప్ప చెప్పుకునేందుకు మనిషి లేడు. మెట్లమీద తిడుతున్నంతసేపూ అతని అసలు పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరు ఒక్కసారి జారితే, నాకు అన్నీ తెలుసని తేలిపోయేది. నాలుక కొరుక్కున్నాను, నెత్తురు వచ్చింది. అందుకని నికలస్, నికలస్ అనే తిట్టాను. లోకంలో లేని ఆ నికలస్ బ్రెహోకి ఎన్ని తిట్లు ఉన్నాయో అన్నీ తిట్టాను.

ఎర్వాన్‌ని ఒక్క మాట కూడా అనలేదు.

మార్వెన్నా